బూడిద పట్టిన గోడ

చాలా ఏళ్లుగా నాకొక పిచ్చి అలవాటు ఉంది. ఎవరింటికి వెళ్లినా, మాటల మధ్యలో, వేలి మెటికతో గోడను మెల్లగా కొట్టి చూస్తాను. గట్టి గోడయితే సరే. డొల్లగా పలికిందంటే ఆ పూట నాకు అన్నం సహించదు. మేస్త్రీ పని చేసినవాడు గదా, గోడ నాణ్యం చూసుకుంటున్నాడని జనం అనుకుంటారు. మా ఆవిడ కూడా అలాగే అనుకుని, అలాగే కన్నుమూసింది. ఆమెకు చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నా ముఖం మీరు చూడలేదు, అందుకే మీకు చెబుతున్నాను. ఈ బరువును నాతోపాటు గోతిలోకి తీసుకుపోవాలంటే భయంగా ఉంది.

మదనపల్లె దగ్గర మిషన్ వాళ్ల ఆసుపత్రిలో, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో, నేను కట్టుబడి పనులు చూసేవాణ్ణి. ఆసుపత్రి పేరు చెప్పను, నా పేరూ చెప్పను. మా తాత మట్టిగోడలు పెట్టాడు, మా నాయన సున్నం పూశాడు, నేను సిమెంటు ముట్టాను. అదే నా గొప్ప.

ఆడరోగుల స్నానాల గది గోడలు రాయీ మట్టీ పెట్టి కట్టిన పాత గోడలు. ఎన్నిసార్లు సున్నం పూసినా నీళ్లకు ఉబ్బి, పెచ్చులూడి, బూజు పట్టేవి. నీరసంగా ఉన్న ఆడవాళ్లు ఆ చెమ్మలో స్నానం చెయ్యడం డాక్టరమ్మకు మనసొప్పేది కాదు. లోపలివైపు ఏం వేస్తే బాగుంటుందని నన్నడిగింది. అంత చదివిన ఆమె నన్నడగడమే నా తలకెక్కింది. చెక్క వేస్తే చెదలు, ఇనుప రేకు వేస్తే తుప్పు, పింగాణీ బిళ్లలు దొరికే రోజులు కావు. చివరికి ఆమే చెప్పింది, మద్రాసులో ఆస్బెస్టాస్ పలకలు చూశానని. సిమెంటులో నార కలిపి ఒత్తిన చదును పలకలు, నీళ్లకు నానవు, చెదలు ముట్టవు. "అవే వేద్దామమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. అంతకుముందు అలాంటి పలకను చేత్తో ముట్టుకున్న పాపాన కూడా పోలేదు.

పలకలు రైల్లో కుప్పం వచ్చాయి. నేనే వెళ్లి దింపించుకున్నాను. ఎద్దులబండిలో పడుకోబెడితే గతుకులకు పగుళ్లిస్తాయని, మధ్య మధ్య గడ్డి కూరి, నిలువుగా పేర్చి, పుంగనూరు మీదుగా తెచ్చాను. దారి పొడవునా బండి పక్కనే నడిచాను, పెళ్లికూతుర్ని తెస్తున్నట్టు. పుంగనూరులో జనం ఆగి ఇవేమిటని అడిగితే మీసం మెలేసి మరీ చెప్పాను. ఇప్పుడు ఆ మీసం తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డాక్టరమ్మ పెట్టిన షరతు ఒకటే. పాత సున్నం గీకేశాక, గోడ పూర్తిగా ఆరితేనే పలకలు బిగించాలి. తడిగోడను మూసేస్తే తడి లోపలే ఉండిపోతుంది, మట్టి మెత్తబడి ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. ఇది నాకు తెలియదా? మట్టిలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో గోడ ఆరిందో లేదో చూడటానికి తాతల నాటి పద్ధతి ఒకటి ఉంది. జల్లించిన పొడి బూడిదను గుప్పెడు తీసుకుని గోడ మీదికి విసురుతాం. గోడ ఆరి ఉంటే బూడిద జారి కింద పడుతుంది. తడి ఉంటే పట్టుకుంటుంది. పసిపిల్లలకు కూడా తెలిసే పరీక్ష.

ఆ ఏడు ముసురు వదల్లేదు. చూస్తుండగానే కోతపండుగ దగ్గరపడింది. ఆ రోజు మా క్రైస్తవ సంఘమంతా కొత్త గింజలూ గుమ్మడికాయలూ తెచ్చి గుడిలో అర్పిస్తారు. ఆనాడే కొత్త స్నానాల గదిని ప్రార్థన చేసి తెరుద్దామని, మేస్త్రీని అందరి ముందుకూ పిలుద్దామని డాక్టరమ్మ అంది. మట్టిపనివాడని మా నాయనను జీవితాంతం వెనక బెంచీలో కూర్చోబెట్టిన సంఘం ముందు నా పేరు వినబడుతుంది. రోగులకు ఇబ్బంది తీరుతుందనే తొందరపడ్డానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. నాకు కావలసింది ఆ పిలుపు.

బూడిద కోసం రత్నమ్మను అడిగాను. రత్నమ్మ పెద్దమండ్యం వైపు నుంచి వచ్చింది, మొగుడు పోయిన మనిషి. రోగులకు వేణ్నీళ్లు కాచి మోసేది, స్నానాల గది కడిగేది, ఆసుపత్రి వెనక వాళ్లిచ్చిన గదిలోనే ఉండేది. పొయ్యిలోంచి చాటెడు బూడిద తెచ్చి పక్కనే నిలబడింది. నేను గుప్పెడు గుప్పెడుగా గోడంతా విసిరాను.

బూడిద జారలేదు. గోడ కింది సగమంతా తెల్లగా పట్టుకుంది.

"ఏందప్పా, పట్టుకోని ఉండాది గదా?" అంది.

"పైపైన తేమలేక్కా. మబ్బు పట్టినాది గదా, గాలికి అట్లే ఉంటాది."

"నాకేం తెలుసులే. మా ఊర్లో అయితే ఇట్లాంటి గోడ జోలికి పోరు. ఇంకా నాలుగు దినాలు ఆగి సూడరాదా?"

"యాల ఆగల్ల? మేస్తిరి నువ్వా, నేనా?"

"నువ్వేలే నాయనా" అని నవ్వింది.

కోపం లేని నవ్వు. భుజం మీద తువ్వాలు తీసి ఆ బూడిదనంతా తుడిచేశాను. కాసేపటికి డాక్టరమ్మ వచ్చి, బూడిద వేసి చూశావా అని అడిగింది. "చూశాను. పట్టలేదమ్మా" అన్నాను. రత్నమ్మ చాట పట్టుకుని అక్కడే ఉంది, నోరెత్తలేదు. పెద్దవాళ్ల మాటలకు అడ్డం రాకూడదనుకుందా? లేక మేస్త్రీ అన్నాడంటే నిజమే అయివుంటుందని నమ్మిందా? నమ్మిందనే అనుకుంటాను. నన్ను ఎక్కువ కాల్చేది అదే.

పని మాత్రం పొందికగా చేశాను. టేకు పట్టీలకు తారు పూసి గోడకు బిగించాను. పలకలు చిట్లకుండా ముందే తొలిచి, తర్వాతే మరలు తిప్పాను. నేలకు ఆనకుండా కింద వేలెడు సందు వదిలాను. అతుకుల్లో లప్పం కూరి నున్నగా రుద్దాను. పండుగనాటికి ఆ గది అద్దంలా ఉంది. పైన పటారం, లోన లొటారం అని మా నాయన అంటుండేవాడు, ఆ మాట నా చేతిపనికే సరిపోయింది. నా పేరు పిలిచారు. లేచి ముందుకు నడిచాను. ఆ కాసేపు నాకు బూడిద గుర్తు రాలేదు. నిజంగా రాలేదు.

మరుసటి ఏడు ముసురులో, ఒక పొద్దున, గోడ లోపలి మట్టి జారింది. పలకలు ముందుకు ఉబ్బి పగిలాయి, వాటి వెంట రాళ్లు వచ్చాయి. కలకడ నుంచి వచ్చిన ఒక పడుచుపిల్ల, జబ్బు నయమై ఇంటికి పోవడానికి సిద్ధంగా ఉన్న పిల్ల, వాటి కింద పడింది. ప్రాణం దక్కింది. కాలు మాత్రం వంకరగా అతుక్కుంది. వచ్చినప్పుడు తన కాళ్ల మీద తాను నడిచి వచ్చింది, పోయేటప్పుడు తమ్ముడి భుజం పట్టుకుని కుంటుతూ పోయింది.

ఆసుపత్రి పెద్దలు కూర్చుని విచారించారు. పలకల వెనక్కి అంత తడి ఎలా చేరిందని నన్నడిగారు. అడిగారంతే, నన్నెవరూ దొంగ అనలేదు. భుజాలు నేనే తడుముకున్నాను. "కింద సందులోంచి పోయినట్టుందయ్యా. రోజూ బకెట్లకు బకెట్లు కుమ్మరించి కడుగుతారు" అన్నాను.

ఆమె పేరు నేను ఎత్తలేదు. చూశారా, ఇంత బతికాక కూడా ఆ మాట ఎలా వచ్చేస్తోందో. పేరు ఎత్తవలసిన పని లేదు, కడిగేది ఆమె ఒక్కతే. తలలన్నీ తలుపు దగ్గర నిలబడిన రత్నమ్మ వైపు తిరిగాయి. ఆమె మాత్రం నావైపు చూసింది. నేను ఇంకేదో చెబుతానని కాచుకున్నట్టు చూసింది. నేను నేల చూశాను. నీళ్లు ఎక్కువ పోశావా అని వాళ్లు అడిగితే, "మేస్తిరి సెప్తాండాడంటే అంతేగదప్పా" అంది. బూడిద మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? ఎత్తి ఉంటే నేను కాదనేవాణ్ణా? అనేవాణ్ణి. ఆమెకూ ఆ సంగతి అర్థమయ్యే ఉంటుంది.

పని పోయింది, దానితోపాటు గది పోయింది. గిన్నెలూ చాటా మూటగట్టుకుని, కుప్పంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

ప్రతి ఆదివారం గుడిలో అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం. అంతమంది గొంతుల్లో నా ఒక్క తప్పును దాచుకోవడం ఎంత సులువో మీకు తెలియదు. గట్టిగా చెప్పేవాణ్ణి, అందరికన్నా గట్టిగా. ఇంటికొచ్చాక మా ఆవిడ బూడిదతో గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడుకు లేచి బయటికి పోయేవాణ్ణి.

కొన్నాళ్లకు ధైర్యం కూడగట్టుకుని కుప్పం వెళ్లాను. వెతికే పని కూడా పడలేదు. రైలు దిగేసరికి ఆమె ప్లాట్‌ఫారం మీద కుండ పెట్టుకుని ప్రయాణికులకు నీళ్లు పోస్తోంది. తల నెరిసింది. నేను వంగి దోసిలి పట్టాను. పోసింది. తాగుతూనే ఉన్నాను, తలెత్తితే మాట్లాడవలసి వస్తుందని. నీళ్లు మోచేతుల మీదుగా కారి చొక్కా తడిసిపోయింది.

"సాలా అప్పా? ఇంకా పోసేదా?" అంది.

నన్ను గుర్తుపట్టి అందా, అందరినీ అడిగినట్టే అడిగిందా? నాకు తెలియదు. చాలన్నట్టు చెయ్యి ఊపి వెనక్కి తిరిగాను. వచ్చిన దారినే ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ కుప్పం పోలేదు. ఆమె పోయిందని చాలాకాలానికి ఎవరో అంటే విన్నాను. కలకడ పిల్ల ఏమైందో కనుక్కోనేలేదు, కనుక్కునే ధైర్యం లేక.

క్షమించమని ఇది రాయడం లేదు. క్షమించే హక్కు మీకు లేదు, ఆ హక్కు ఉన్నవాళ్లను నేను అడగలేదు. కాని ఇక్కడిదాకా రాసేసరికి, చాలా ఏళ్ల తర్వాత, గుండెలో కాస్త గాలి ఆడుతోంది. డాక్టరమ్మ అడిగిన దానికి రత్నమ్మ వింటుండగా చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

పట్టిందమ్మా. బూడిద పట్టింది.