పసుపు కింది బోల్టులు

మా జీపు ఎడమ తలుపు మూయడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు మోకాలితో కింది అంచును కాస్త పైకి ఎత్తాలి, ఆ తరువాత భుజంతో ఒక్క తోపు తోయాలి. ఎవరైనా మర్యాదకు ఆ తలుపు వేయబోతే, "ఉండు, ఉండు, అది నా చేతి మాటే ఇంటది" అని నేనే దిగి వచ్చేదాన్ని. మేడిపల్లిలో మా వీధి వాళ్ళందరికీ ఇది తెలుసు.

ఆ జీపును మా ఆయన గల్ఫు నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు కొన్నాడు. అప్పటికే అది పాతది. వెళ్ళిపోయే ముందు నాకు నడపడం నేర్పాడు. పసుపు చేల మధ్య మట్టిదారులు, వానకు తెగిన బాటలు, వాగులో ఇసుక, ఏదైనా దానికి ఒకటే. ఎరువు బస్తాలకూ అదే, కోరుట్ల అంగడికీ అదే, వీర్నపల్లిలో మా అమ్మగారింటికీ అదే. మా అత్తమ్మకు మాత్రం అది వట్టి బండి కాదు. అది వాకిట్లో నిలబడి ఉన్నంతకాలం అక్కడ కొడుకు క్షేమంగా ఉన్నట్టేనని ఆమె నమ్మకం. ప్రతి శనివారం పొద్దున చెంబెడు నీళ్ళు పోసి కడిగి, మా చేలో పండిన పసుపు తడిపి, టైర్లకూ బానెట్టుకూ ఎడమ తలుపు కబ్జాలకూ రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. తలుపును బండికి పట్టి ఉంచే ఇనుప బందులను మేము కబ్జాలంటాం. ఎడమ తలుపుకే ఎందుకంటే, ఆమె కూర్చునేది అటువైపే కదా.

పోయిన వానాకాలంలో కోరుట్ల నుంచి వస్తుంటే మలుపులో ఆ తలుపు దానంతట అదే తెరుచుకుంది. అత్తమ్మ ముందున్న కడ్డీని పట్టుకుంది కాబట్టి సరిపోయింది. బండి ఆపి చూస్తే ఆమె నవ్వుతోంది. నేను మాత్రం ఇల్లు చేరేదాకా బండిని నడక వేగం దాటనివ్వలేదు. ఆయనకు చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. శుక్రవారం ఆయనకు సెలవు, ఫోను చేశాడు. అత్తమ్మే ఆగలేక మలుపుతో సహా మొత్తం కథ చెప్పేసింది.

"ఇగ సాలు. నేను సెలవుల అచ్చినప్పుడు దాన్ని పాత సామాన్లకు ఇచ్చేద్దాం. నువ్వు కింద పడితే ఏం జేస్తమమ్మా?" అన్నాడు ఆయన.

అత్తమ్మ నవ్వు ఆగిపోయింది. "బండిని పంపుతవా కొడుకా?" అని మాత్రం అంది.

నాకు ఒళ్ళు మండింది. ఫోను లాక్కుని, "తలుపు బాగు జేస్తే ఉంచుతవా?" అని అడిగాను.

"మంచిగ పడితే ఉంచుత. కని గా కబ్జాల బోల్టులు ఊడయి. తుప్పు పట్టి కరుసుకపోయినయి."

అత్తమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఊడవు అన్నాడు కదా, ఇక నాకు అదే పని. బోల్టులున్న చోట డీజిలు పోసి, గుడ్డ చుట్టి నానబెట్టాను. పైవారం శుక్రవారం ఆయన వీడియో కాల్ చేయగానే ఫోనును అరుగు మీద చెంబుకు ఆనించి, పానా, సుత్తె దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఆయన అక్కడ మంచం మీద కూర్చుని సలహాలు చెప్పడం, ఇక్కడ నేను చెమటలు కక్కడం.

"అన్నీ ఒక్కసారి ఇప్పకు. ఒకటి తీసి, దాని జాగల కొత్తది ఎక్కించినంకనే ఇంకోటి ముట్టు. లేకుంటే తలుపు జారుతది."

"చెప్పినవు గద. ఎన్నిసార్లు చెప్తవు?"

"మెల్లగ కొట్టు. కారం దంచుతున్నవా ఏంది?"

"అయితే నువ్వే అచ్చి కొట్టు," అన్నాను. సుత్తె పక్కన పెట్టాను.

పానా పట్టాలంటే ముందు బోల్టు తల కనబడాలి. పాత కత్తితో గీకడం మొదలుపెట్టాను. పైన నీలం రంగు. దాని కింద గట్టిపడిన పసుపు, కుంకుమ. దాని కింద మళ్ళీ రంగు, మళ్ళీ పసుపు. అప్పుడు అర్థమైంది. ఆయన సెలవుకు వచ్చిన ప్రతిసారీ తుప్పు కనబడకుండా రంగు పూసి పోయాడు. ఆయన పోయాక అత్తమ్మ ఆ రంగు మీద తడి పసుపు పట్టించింది. వారం వారం పోసిన నీళ్ళు లోపలికి దిగి, ఆరే దారి లేక బోల్టులను తినేశాయి. తల్లీ కొడుకూ కలిసి, ప్రేమగా, తలుపును ఇంతదాకా తెచ్చారు.

"గా పచ్చగున్నది ఏంది? పసుపా?" అన్నాడు ఫోనులోంచి.

నేను గబుక్కున అడ్డం నిలబడ్డాను గానీ అప్పటికే ఆలస్యమైంది. అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ లేచి వచ్చి, రాలిన పొడిని వేలితో అద్ది చూసింది.

"నా పసుపే తిన్నదా బిడ్డా దీన్ని?"

"పసుపు కాదత్తమ్మా, నీళ్ళు. నువ్వు తడిపినవు, నీ కొడుకు మీదికెళ్ళి రంగేసి మూసిండు. ఇద్దరి పుణ్యం."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "కొడుకు మంచిగుండాలె అనే జేసిన గద," అంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ శనివారం పసుపు గిన్నె బయటికి రాలేదు. వాకిలి ఊడ్చి, జీపు వైపు చూడకుండా పక్కనుంచి పోయింది. బండి పోతుందేమోనన్న దిగులు కంటే ఆమె అలా తల దించుకుని పోవడం నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

మొదటి బోల్టు కిర్రుమంటూ ఊడింది. ఆ నమూనా చేత పట్టుకుని తిరిగాను. కోరుట్లలో ఇచ్చినవి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయాయి. బలవంతంగా ఎక్కిస్తే లోపలి మర చెడుతుంది. జగిత్యాలలో జీపు సామాన్ల దుకాణాయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "అక్కా, గిసొంటి మర ఇప్పుడు అస్తలేదు. పాత లెక్కది," అన్నాడు. మా ఆయన సెలవు దగ్గరపడుతోంది. నాకు దిగులు పట్టుకుంది.

తరువాత ఒకరోజు తలుపును తాడుతో కట్టేసి ఒక్కదాన్నే మా అమ్మగారింటికి బయలుదేరి, సిరిసిల్లలో చాయ్ కోసం ఆగాను. పక్క సందులో సాంచెలు టకటకలాడుతున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఈ సాంచెలూ మా జీపు లాగా పాతకాలానివే కదా అని తోచి, వాటి సామాన్లు అమ్మే దుకాణంలోకి వెళ్ళి నా బోల్టు చూపించాను.

"ఇది సాంచె బోల్టే గదక్కా," అన్నాడు దుకాణాయన.

"కాదన్నా, జీపుది."

ఆయన నమ్మలేదు. డబ్బాలోంచి ఒకటి తీసి నా వెంట బయటికి వచ్చాడు. తలుపు దగ్గర వేళ్ళతోనే తిప్పాను. అడ్డం లేకుండా చివరిదాకా దిగింది. నడిబజారులో పకపకా నవ్వాను. కావలసినన్ని కట్టించుకుని, మా అమ్మ వండిన అన్నం కూడా సరిగ్గా తినకుండా వెనక్కి వచ్చేశాను.

మిగతావి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. ఒకదాని తల తెగి మొండెం లోపలే ఉండిపోయింది. మా ఊరి వెల్డింగు అతను దాని మీద ఒక నట్టు అతికించి, ఆ వేడి మీదే తిప్పి లాగేశాడు. శుక్రవారం పొద్దున, ఫోనులో ఆయన చూస్తుండగా, చివరి బోల్టు బిగించాను. అత్తమ్మ గడపలోనే నిలబడి చూస్తోంది.

"ఇటు రా అత్తమ్మా. దీనికి నువ్వే పెట్టాలె," అని గ్రీసు డబ్బా మూత తీశాను. "ముందుగాల ఇది రాయి. దీని మీద నీళ్ళు నిలువయి. పైన నీ బొట్టు పెట్టు. పసుపు టైర్లకు రాసుకో."

నల్లగా ఉన్న గ్రీసును చూసి ఆమె ముక్కు చిట్లించింది. కానీ ఉంగరం వేలితో తీసి, పసుపు రాసినంత శ్రద్ధగా, ప్రతి బోల్టు తలకూ రాసింది. లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. గ్రీసు మీద పొడి కుంకుమ గట్టిగా పట్టుకుంది.

"మునుపటి కంటె మంచిగ నిల్సింది," అంటూ ఎడమవైపు ఎక్కి కూర్చుంది.

నేను మోకాలు ఎత్తబోయి, గుర్తొచ్చి ఆపుకున్నాను. రెండు వేళ్ళతో నెట్టాను. టక్కున పడింది.

"ఇంకోసారి ఎయ్యి," అన్నాడు ఆయన. తెరిచి మళ్ళీ వేశాను. ఆయన "ఉండనీ తియ్యి బండి," అన్నాడు.

అత్తమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి ఫోను అడిగింది. ఇచ్చాను. వేలికి మిగిలిన గ్రీసు మీద కుంకుమ అద్దుకుని ఆ వేలిని తెర దగ్గరికి తెచ్చింది.

"ఏం జేస్తున్నవమ్మా?"

"నీకు గూడ తుప్పు పట్టొద్దు కొడుకా," అంది.

అక్కడ ఆయన తల వంచి నుదురు ముందుకు పెట్టాడు. ఆమె తెర మీద బొట్టు పెట్టింది. ఫోను మీద చిన్న మరక పడినా ఊరుకోని దాన్ని నేను. ఆ బొట్టును మాత్రం ఆయన సెలవుకు వచ్చి గుమ్మంలో నిలబడేదాకా తుడవలేదు.