గట్కతో ఊడిన బేరింగు

మా మేనత్త పోయిందని చిట్యాల నుంచి ఫోను వచ్చినప్పుడు జనగామలో నేను పనిచేసే బట్టల దుకాణం తెరుస్తున్నాను. తాళం చేతిలోనే ఉండిపోయింది. నిద్రలోనే పోయిందట, ఎవరినీ పరేషాన్ చేయకుండా. బస్సెక్కే దాకా ఏడ్చాను. ఎక్కాక మాత్రం పక్క సీటావిడకు అత్త గురించి దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను. అంత గొప్పగా చెప్పుకోదగిన మనిషి మా వాళ్లలో ఇంకొకరు లేరు మరి.

మామ పోయాక ఆయన సైకిల్ దుకాణాన్ని అత్తే నడిపింది. కొత్త రకం పని వస్తే వస్తువును మోకాలి మీద పెట్టుకుని కాసేపు ఊరికే చూసేది. తొందరపెడితే, "జర ఆగుండ్రి, అది ఏమంటదో ఇననియ్యిండ్రి" అనేది.

తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పులు జరుగుతున్న రోజుల్లో, బందు వల్ల నేనూ ఊళ్లోనే ఉన్నాను. మా బాపు ఒక గాలం రీలు సంచిలో వేసుకుని టేకుమట్ల నుంచి చిట్యాలలో అత్త దగ్గరికి బయల్దేరితే వెంట వెళ్లాను. ట్రాక్టరు మీంచి పడ్డప్పటి నుంచి బాపుకు కుడి భుజం లేవదు, వల విసరలేడు. ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని దుబాయి దోస్తు ఇచ్చిన ఆ రీలే మళ్లీ వాగు దగ్గరికి నడిపించింది. ఇప్పుడది నీళ్లలో పడి, లోపలి బేరింగు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పిడి తిరగదు. బేరింగేమో గుంటలో కూర్చుంది, వెనక నుంచి తట్టడానికి సందు లేదు. రీలు పగిలితే బాపు మళ్లీ ఆ గోడవైపే తిరుగుతాడని నా భయం.

అత్త ముందు సైకిల్ చక్రం పుల్ల కొసను కొక్కెంలా వంచి లాగింది. కొక్కెం సాగి తిన్నగైపోయింది. తర్వాత ఒక బోల్టును బేరింగు రంధ్రానికి సరిపోయేలా ఆకురాయితో అరగదీసి, రంధ్రంలో గ్రీజు నింపి, బోల్టు పెట్టి సుత్తితో కొట్టింది. ఎండకు పలచబడ్డ గ్రీజు పక్కల నుంచి కారిపోయింది.

"ఇగ ఇడిసిపెట్టు అక్కా" అన్నాడు బాపు.

అత్త వినలేదు. దుకాణం ముందు, నడిరోడ్డు మీద వంటావార్పు పొయ్యిపై గంజులో సంకటిలా చిక్కగా ఉడుకుతున్న మక్కగట్కనే చూస్తోంది. లేచి వెళ్లి ఆకులో ఓ ముద్ద తెచ్చింది. జనం ముట్టకముందే ఇనుముకు పెడుతున్నావా అని తెడ్డు పట్టుకున్నావిడ దెప్పింది.

"అది పొద్దటిసంది ఉపాసమున్నది" అంది అత్త.

ముద్ద చల్లార్చి రంధ్రంలో కూరింది, బోల్టు పెట్టి తట్టింది. మళ్లీ కూరింది, మళ్లీ తట్టింది. గట్క గ్రీజులా కారిపోలేదు. లోపల కిక్కిరిసి, బేరింగును వెనక నుంచి పైకి నెట్టింది. వెంట్రుకవాసి కదిలి, గోరంత లేచి, చివరికది అత్త అరచేతిలో పడింది.

"గుంజితె రానిదాన్ని లోపటికెల్లి నూకాలె, తమ్మీ" అంది.

రోడ్డు మీద కూర్చున్నవాళ్లు ఆ మాటను ఢిల్లీకి అంటగట్టుకుని సాయంత్రం దాకా సంబరపడ్డారు. అత్త మాత్రం బేరింగు గురించే అంది. దాన్ని కిరోసిన్‌లో కడిగి, గుంటను శుభ్రంగా తుడిచి, కుట్టుమిషను నూనె వేసి మళ్లీ కూర్చోబెట్టింది. బాపు ఎడమచేత్తో పిడి తిప్పి చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి అత్త, ఆకలైతలేదా అంటూ గంజు దగ్గరికి తోలింది. ఆ రోజు ఆమె మేనకోడల్ని అయినందుకు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

అత్త పోయిన మూడో రోజు, కాకి ముట్టాలని పిట్టకు పెట్టేటప్పుడు ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించారు. బాపు తెల్లవారకముందే వాగుకు వెళ్లి పట్టుకొచ్చిన చేప కూర, పక్కన గట్క ముద్ద. కాకి వచ్చి గట్కనే ముందు ముట్టింది. బాపు దూరంగా నిలబడి, సంకలోని గాలం రీలు పిడిని ఎడమచేత్తో ఊరికే తిప్పుతున్నాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతోంది.