అనుమానాలక్క నమ్మని ఊపిరి

బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర పన్నెండేళ్లుగా నిలబడుతున్న ఆవిడకు అనుమానాలక్క అని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పటికీ తేలలేదు. ఆవిడకు మాత్రం అందరి మీదా అనుమానమే. కుట్టి వచ్చిన ప్రతి చొక్కా గుండీనీ రెండుసార్లు లాగి చూస్తుంది. మొదటిసారి ఊడనిది రెండోసారి ఊడదని ఎవరు పూచీ? ఇంట్లోనూ అంతే. మొగుడు బస్సులో వచ్చానంటే టికెట్ చూపించమంటుంది. పెళ్లయిన కొత్తలో ఆయన అలిగేవాడు. ఇప్పుడు అడక్కముందే టికెట్ తీసి బల్ల మీద పెడుతున్నాడు.

రెండేళ్ల కిందట ఫ్యాక్టరీకి ఒక నర్సు వచ్చింది. కాళ్లు లేని రబ్బరు బొమ్మను నేల మీద పడుకోబెట్టి, గుండె ఆగిన మనిషికి ఏం చెయ్యాలో నేర్పింది. అందరూ ముసిముసిగా నవ్వుతూ నాలుగు నొక్కులు నొక్కి టీకి పోయారు. ఈవిడ మాత్రం నర్సును పీకి పాకం పెట్టింది.

"గుండె ఆగిందని నాకెలా తెలుస్తుంది?"

"పిలిచినా, తట్టినా పలకడు. ఛాతీ మామూలుగా లేచి దిగదు. ఒక్కోసారి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తాడు, గురకలా ఉంటుంది. దాన్ని ఊపిరని నమ్మకండి," అంది నర్సు.

ఆ 'నమ్మకండి' ఆవిడకు భలే నచ్చింది. బుద్ధెరిగాక అంత మంచి సలహా ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు. సరిగ్గా నొక్కితే బొమ్మ టక్కుమంటుందని నర్సు చెప్పినా, ఆ టక్కును కూడా నమ్మక, మోచేతులు వంచకుండా రెండంగుళాలు దిగేదాకా పదేపదే నొక్కి చూసింది.

ఇక కటింగ్ మాస్టారి సంగతి. ఆయనకూ ఈవిడకూ ఉప్పూ నిప్పూ. ఈవిడ తప్పు పట్టిన ముక్కలు పట్టుకుని వెళ్లినప్పుడల్లా ఆయన గుండె పట్టుకుని బల్ల మీదికి వాలిపోయేవాడు. "నా పని అయిపోయిందిరా, ఈవిడ చేతిలో పోయాను," అనేవాడు. హాలంతా నవ్వేది. ఎనిమిదేళ్లుగా అదే నాటకం.

ఆ మంగళవారం పొద్దున ఆవిడ వంకర కాలర్ల కట్టతో వెళ్లింది. "ఎడమ మొన చూడండి మాస్టారూ. ఇప్పుడు కుడి మొన చూడండి."

మాస్టారు చూడలేదు. గుండె పట్టుకున్నాడు. బల్ల మీదికి కాకుండా నేల మీదికి జారాడు. హాలు నవ్వింది. ఈసారి ఏకంగా నేల దాకా వెళ్లాడే, కొత్త ఎత్తు అనుకుని ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది.

"లేవండి. కాలర్లు వాటంతటవి సర్దుకోవు."

అప్పుడు కత్తెర కనిపించింది. మొన పోతుందని తన కత్తెరను ఎవరినీ ముట్టనివ్వని మనిషి, దాన్ని నేల మీదికి జారవిడిచి పడ్డాడు. ఆవిడకు అసలైన అనుమానం అప్పుడు వచ్చింది.

మోకాళ్ల మీద కూర్చుని భుజాలు తట్టి పిలిచింది. పలకలేదు. నోరు తెరిచి ఒక్క గురక తీశాడు.

"గురక పెడుతున్నాడు కదా, కళ్లు తిరిగి పడ్డాడంతే. నీళ్లు చల్లండి," అన్నాడు సూపర్‌వైజరు.

"అది ఊపిరి కాదు. అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి. చేశారా? స్పీకరు పెట్టండి, నేను వినాలి."

ఛాతీ మధ్యలో చెయ్యి మీద చెయ్యి వేసి గబగబా నొక్కడం మొదలుపెట్టింది. లోపల ఏదో పటుక్కుమంది. "ఎముక విరిచేస్తున్నావ్, చంపేస్తావా ఏంటి?" అన్నారెవరో. ఆవిడకు ఒళ్లంతా చెమట పట్టింది, భయం వేసింది. అయినా ఆపలేదు. చేతులు పడిపోతుంటే ఇస్త్రీ చేసే మనిషిని కూర్చోబెట్టింది. అతని చేతుల మీదా నమ్మకం లేదు. "సగమే దిగుతోంది. గట్టిగా నొక్కు. మళ్లీ పూర్తిగా పైకి రానియ్యి."

"ఇంక లాభం లేదక్కా, పోయాడు," అన్నాడు సూపర్‌వైజరు మెల్లగా.

"నీకెవరు చెప్పారు?" అని మళ్లీ తనే అందుకుంది. అదీ నమ్మలేదు.

అంబులెన్సు వాళ్లు వచ్చి యంత్రంతో షాక్ ఇచ్చారు. కాసేపటికి నాడి దొరికిందన్నారు. ఆవిడ వాళ్లను కూడా వదల్లేదు. "నిజంగానా? ఇంకోసారి చూడండి."

పదిహేను రోజుల తర్వాత మాస్టారి భార్య ఫ్యాక్టరీకి వచ్చింది. "ఆయన ఇంటికొచ్చారక్కా. మిమ్మల్ని ఒకటి అడగాలి," అంది.

ఎవరో చెప్పేశారు, అందుకే వచ్చింది అనుకుంది అనుమానాలక్క.

"నేనే చెప్పేస్తానమ్మా. ఆయన పడగానే నేను ముట్టుకోలేదు. నాటకమనుకుని నిలబడ్డా."

ఈ పదిహేను రోజులూ ఆవిడను తినేస్తున్నది ఆ నిలబడిన క్షణాలే. లెక్కపెడితే ఒకసారి అయిదు వస్తాయి, ఒకసారి పది.

మాస్టారి భార్య తల దించుకుంది. "ఆ రోజు పొద్దున నొప్పిగా ఉందన్నారక్కా. పని ఎగ్గొట్టడానికి వేషాలెయ్యకండి అని నేనే చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాను."

అనుమానాలక్క మొదటిసారి ఎదుటి మనిషి మాటను తిరిగి అడక్కుండా నమ్మింది.

"నాకూ అలా నొక్కడం నేర్పిస్తారా? అడగాలని వచ్చింది ఇదే," అంది ఆమె.

అనుమానాలక్క చొక్కాల కట్టను నేల మీద పెట్టి, ఆమె అరచేతిని దాని మధ్యలో ఆనించింది. ఆమె ఏడుస్తూ నొక్కింది.

"సగమే దిగింది," అంది అనుమానాలక్క తన కళ్లు తుడుచుకుంటూ. "మళ్లీ నొక్కమ్మా."