గాటు ఉన్న పియానో

ఊరి బడిలో ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా, నలభై ఒక్క ఏళ్లు మిల్లుల్లో బాయిలర్లు బిగించి, ఒక్కనాడు కూడా ఆలస్యంగా పనిలోకి వెళ్లని మనిషి ఆయన. మూడు పతకాలు, అద్దం కట్టించిన ప్రశంసాపత్రం గోడ మీద ఉంటాయి. చుట్టాలందరికీ బాయిలర్ పెదనాన్న. ఇంటికి ఎవరొచ్చినా ముందు పతకాలు చూడాలి, తర్వాత ముందుగదిలో పియానో చూడాలి. అవి అయితేనే మంచినీళ్లు.

"మా తాత సంగీతశాలకి నేల చెక్కలు వేస్తే, ఆ పనితనానికి మురిసిపోయి యజమాని ఇచ్చాడిది. ఈ కాలు మీద గాటు చూడండి. వేలు పెట్టి చూడండి. ఆరేళ్లప్పుడు నేను కత్తితో పెట్టాను. తాత కొట్టలేదు. సంతకం చేశావన్నమాట అని నవ్వాడు."

ఆడపిల్లల బడిలో కొత్తగా సంగీతం గది కట్టారు. పియానో ఇస్తే పక్కన తాత కథ, అది తయారైన సంవత్సరం చెక్కిన ఇత్తడి పలక పెడతామన్నారు. మర్నాడే వస్తారు. కథ ఆయనకు కంఠతా వచ్చు, సంవత్సరం మాత్రం తెలియదు. అందుకే పియానోలు శ్రుతి చేసే ఆవిడను పిలిపించాడు.

ఆవిడ మూత ఎత్తి, లోపల ఇనుప చట్రం మీది నంబరు చూసి, సంచిలోంచి పుస్తకం తీసి వెతికింది.

"మీ తాతగారు ఎప్పుడు పోయారండీ?"

"నా పదకొండో ఏట."

"ఇది తయారయ్యేసరికి మీకు ఇరవై దాటి ఉండాలే."

"నీ పుస్తకం తప్పమ్మా."

"ఒక్క పుస్తకమే అయితే నేనూ అలాగే అనుకుందును." ఎడమ కొసన, వేలితో నొక్కే మొదటి మెట్టును ఊడదీసి చూపించింది. "శ్రుతి చేయడానికి వచ్చినవాళ్లం దీని అంచు మీద తేదీ రాసి పోతాం. మా అలవాటు."

పెన్సిలు రాత: 'చెదలు తిన్న పాతది తీసేసి ఇది పెట్టించారు.' కింద తేదీ. ఆ ఏడు ఆయన ఎక్కడో దూరాన పద్నాలుగు నెలలుండి నాలుగు బాయిలర్లు నిలబెట్టాడు. అన్నిటికన్నా పెద్ద పతకం దానికే వచ్చింది.

ఆయన వంగి గాటు తడిమాడు. తాత వడ్రంగం అందుకున్న తమ్ముడు గుమ్మంలో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఇది ఎవరు పెట్టారురా?"

"నేనే అన్నయ్యా. పాత కాలు పక్కన పెట్టుకుని, కొలిచి చెక్కాను. వెంట్రుకవాసి తేడా లేదు." చివరి మాటలో తనకు తెలియకుండానే కాస్త గొప్ప దొర్లింది.

భార్య కొంగు నలుపుతూ అంది: "గోడ చెమ్మపట్టి చెదలెక్కాయండీ. మీరొచ్చాక చెబుదామనే అనుకున్నాం. మీరు పతకం పట్టుకుని వస్తూనే తిన్నగా దాని దగ్గరికెళ్లి, గాటు తడిమి, 'మా తాత' అంటూ కథ మొదలెట్టారు. ఇంక నాకు నోరెలా పెగులుతుంది?"

"ఆ పూటకి సరే. తర్వాత ముప్పై ఏడేళ్లు?"

భార్య కొంగుతో పియానో మీది దుమ్ము తుడవసాగింది.

"ఇంకెవరికి తెలుసు?"

"మీ మరదలికి. మన పిల్లలకి." గొంతు తగ్గించి, "వీధిలో కొందరికి. మోసింది వాళ్లేగా."

చెదల మీద ఆయనకు కోపం రాలేదు. వాటి పని అవి చేశాయి. కూతురి పెళ్లిలో మూడువందల మంది ముందు ఈ కథ చెబుతుంటే వెనక వరసలో నవ్వులు వినబడ్డాయి. అభిమానం అనుకున్నాడు. మోసిన వాళ్ల చేతే ఆ గాటు మీద వేళ్లు పెట్టించాడు. కంచే చేను మేస్తుంటే, కాపలా బాగుందని ఊరంతా చాటుకుని తిరిగినట్టయింది.

"ఏ ఏడు రాయమంటారు?" అని శ్రుతి చేసే ఆవిడ అడిగింది.

"తాతగారి నాటిదనే రాసెయ్యమ్మా," అంది భార్య గబగబా. "చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుస్తుంది?"

ఆయన భార్య వంక చూశాడు. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"పుస్తకంలో ఉన్నదే రాయమ్మా."

ఆవిడ రాసిచ్చి వెళ్లిపోయింది. తమ్ముడు మెల్లగా, "రేపు వాళ్లొస్తే ఏం చెబుతావన్నయ్యా?" అన్నాడు.

"నేనెందుకు చెబుతాను? నువ్వు చెబుతావు. పిల్లలందరి ముందూ నిలబడి. నేను కూర్చుని వింటాను. ఇన్నేళ్లూ మీరంతా ఎంత బుద్ధిగా విన్నారో, అంత బుద్ధిగా వింటాను."

కుర్చీ లాక్కుని తమ్ముడికి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏదీ, ఇప్పుడొకసారి చెప్పి చూడు."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. వంగి గాటు మీద వేలు పెట్టాడు, తీసేశాడు. ఆయన కదలకుండా కూర్చున్నాడు.