రెండు ఎసర్లు

మా ఇంట్లో బియ్యం డబ్బాలు రెండుండేవి. ఒకదాంట్లో నాన్న జీతంతో కొన్న బియ్యం, రెండోదాంట్లో మావయ్య తెచ్చిచ్చిన బియ్యం. అమ్మ ఒకే పొయ్యి మీద ఒకటయ్యాక ఒకటి రెండు ఎసర్లు పెట్టేది. చిన్న గిన్నె నాన్నకి, పెద్ద గిన్నె మిగతా అందరికీ. పుట్టిన దగ్గర్నుంచీ ఇదే చూశాను కాబట్టి అందరిళ్లలోనూ ఇంతే అనుకున్నాను. బడిలో చేరాక పక్కింటి పిల్ల పగలబడి నవ్వితే గానీ మాది వింత ఇల్లని నాకు తెలియలేదు.

నాన్న పోర్టులో ఖలాసీ. కంచరపాలెంలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. ఆయన ఖాకీ చొక్కాకి పట్టిన ఎర్ర దుమ్ము అమ్మ ఎన్నిసార్లు ఉతికినా వదిలేది కాదు. ఆ మరకంటే ఆయనకి గర్వం కూడాను. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీలో వెనక్కి వాలి, "సైరన్ కూసినాక నన్ను పిలిసి పని సెప్పే మగోడు ఈ ఊర్ల లేడు" అనేవాడు. రోజూ అదే మాట. ఈయన్ని ఇప్పుడు ఎవరు పిలిచారని నాకు విసుగొచ్చేది.

మావయ్య, అంటే అమ్మకి అన్న, కూర్మన్నపాలెం అవతల ఒక ఊళ్లో రైతు. మూడెకరాల ఆసామి. నూర్పిళ్లయి వడ్లు ఆడించగానే, తన ఇంట్లో కొత్తన్నం వండక ముందే, చెల్లెలి వాటా మూట కట్టి బస్సెక్కేవాడు. మా ముందుగదిలో చాప పరిచి, వెంట తెచ్చుకున్న కుంచంతో ఆ బియ్యం మళ్లీ కొలిచేవాడు. ఇంటి దగ్గర కొలిచిందే. అయినా ఆడపడుచు కళ్ల ముందు కొలవాలి, మొదటి కుంచం ఆమె కొంగులో పొయ్యాలి, అది వాళ్ల పద్ధతి. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. "లాభం... రెండు... మూడు..." అంటూ ప్రతి కుంచం మీదా గింజలు నిలిచినంత మేర చేత్తో పేర్చి మరీ పోసేవాడు. అమ్మ కొంగు చాచి నిలబడి చిన్నపిల్లలా సిగ్గుపడేది.

లాభం అన్న మాట చెవినపడగానే నాన్న చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడు. బడ్డీ కొట్టు దగ్గర నిలబడి బీడీ మీద బీడీ కాల్చి, కొలత పూర్తయ్యాక తిరిగి వచ్చేవాడు. ఆ బియ్యం మాత్రం నోట పెట్టేవాడు కాదు. ఎందుకని అమ్మని అడిగితే, "నోర్మూసుకుని తిను" అనేది.

మావయ్యకి కళ్లు లేవా? అన్నీ చూసేవాడు. "బావకి మన గింజలు ఆనవులే. ఉజ్జోగస్తుడు గదా" అని నవ్వేవాడు. ఏడాదికేడాదికీ ఆ నవ్వు తగ్గుతూ వచ్చింది.

ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని మావయ్య ఊరి భూములన్నీ తీసుకున్నారు. తీసుకున్నారన్న మాటే గానీ, ఏళ్ల తరబడి ఆ నేల అలాగే పడి ఉంది. మావయ్య తనది కాకుండా పోయిన ఆ పొలంలోనే ఏటా దుక్కి దున్ని నాట్లు వేసేవాడు. "గవర్నమెంటు భూమిల దొంగసాగు" అని నాన్న వెక్కిరించేవాడు. భూమి పోయిన ఇంటికొక ఉద్యోగం ఇస్తామని కార్డులిచ్చారు. మావయ్య ఆ కార్డుని దూలం సందులో దోపేసి ఊరుకున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే నాన్నకి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అలాంటి కార్డు తన చేతికి వచ్చి ఉంటే పూజ చేసుకునేవాణ్ణనేవాడు.

ఇద్దరి మధ్యా నేనున్నాను. మావయ్య కొడుక్కి నన్ను ఇవ్వాలని పుట్టినప్పుడే అనుకున్నారు. అతను తండ్రి వెనకాల బియ్యం మూట మోసుకొచ్చి, గుమ్మం దగ్గర దింపి, మెడ తుడుచుకుంటూ నా వైపు చూసి చూడనట్టు చూసేవాడు. నాకోసం జీడిమామిడి పళ్లు చొక్కా జేబులో కుక్కి తెచ్చేవాడు. ఆ జేబు మరకలు వాళ్లమ్మ ఉతికితే పోయేవి కావట. నాకతనంటే ఇష్టం. ఇప్పుడు దాచుకోవాల్సిన అవసరం ఏముంది? ఆ పెళ్లి ఒక్కటీ జరిగితే చాలని అప్పట్లో దేవుడికి మొక్కుకునేదాన్ని.

ముహూర్తం మాట్లాడ్డానికి మావయ్య ఒక్కడే వచ్చిన రోజు, ఎప్పటిలాగే కుంచం తెచ్చాడు. కొలిచాడు గానీ గొంతు పైకి రాలేదు. పొలంలో మిషన్లు దిగాయని, ఇంక దున్ననివ్వరని చెప్పాడు. అమ్మ వంట చేసింది. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది.

"ఇదే ఆకరి పంట బావా. ఈ ఒక్కపాలి నా సేతి గింజలు తిను" అన్నాడు మావయ్య. ఆయన ఎవర్నైనా ఏదైనా అడగడం నేనెప్పుడూ వినలేదు.

అమ్మ పెద్ద గిన్నెలోంచి గరిటెతో తీసి నాన్న కంచం మీదికి వంగింది. నాన్న కంచానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు ఏరేగా వండినావా, నేదా?" అన్నాడు.

ఆ తప్పు కప్పుకోవడానికన్నట్టు నాన్నే గొంతు పెంచి, పెళ్లి మాట ఎత్తాడు. "నీ కొడుకుని ప్లాంటుల సేర్పించు బావా. ఆడు సంతకం ఎట్టిన మర్నాడే పెళ్లి. మట్టి పిసుక్కునీవోడికి నా పిల్లనియ్యను. కుంచంతో కొలిసి ఎట్టిన కూడు నా పిల్ల తినదు."

నేను తలుపు చాటున ఉన్నాను. పుట్టిన దగ్గర్నుంచీ నేను తింటున్నది ఆ కూడే కదా!

"నా కొడుకుని నాను ఆ కూలికి పంపను. ఇంకో పక్క అరెకరం కొనుక్కుంటాం" అన్నాడు మావయ్య. "నీ పిల్ల తిన్నాది, నా సెల్లి తిన్నాది. నీకొక్కడికే అరగనేదు." కంచంలో సగం అన్నం ఉండగానే చెయ్యి కడిగేసుకున్నాడు. కుంచం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి చేరగిలబడింది. ఇద్దర్లో ఒక్కరినీ ఆపలేదు.

అంతే, రాకపోకలు ఆగిపోయాయి. నాకు పెందుర్తి సంబంధం చేశారు. మా ఆయన మంచివాడు. ఇది చదువుతాడు కూడా, చదవనీ. మావయ్యకి అరెకరం దొరకలేదు. చుట్టుపక్కల భూముల ధరలు చుక్కలనంటాయి. ఊరు ఖాళీ చేసి నిర్వాసితుల కాలనీకి మారాక, ఇల్లు గడవక, దూలంలో దోపిన కార్డు దులిపి కొడుకుని తనే ప్లాంటుకి పంపాడని విన్నాను. ఆ సంతకం అప్పుడే పెట్టి ఉంటే అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను. అమ్మ మాత్రం రెండో డబ్బా తీసెయ్యలేదు. ఏటా కడిగి, ఎండబెట్టి, ఖాళీగానే మళ్లీ అదే చోట పెట్టేది.

మావయ్య పోయాడని కబురొచ్చినప్పుడు నేను బిడ్డని తీసుకుని కంచరపాలెంలోనే ఉన్నాను. నాన్న కుర్చీలో కూర్చుని, "ఆకరికి ఆ ప్లాంటుకే పంపినాడు గదా. నా మాట అప్పుడే ఇనుంటే ఏటి పోనాది" అన్నాడు.

అమ్మ నాన్నకి ఎదురు చెప్పడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను.

"నోరు ముయ్యి. నువ్వు కంబారోడివని మా అన్నకి సెప్పనిచ్చినావా? మా అయ్య ఎలాగ సచ్చిపోనాడో నాను నీకు సెప్పినానా? సమ్మందం సెడిపోద్దని ఇద్దరికీ దాసినాను. ఆకరికి నా అన్నే పోనాడు."

తర్వాత అమ్మ ఏడుస్తూ చెప్పిందంతా ఇదీ. పెళ్లిళ్ల పేరయ్య నాన్నని రైతుబిడ్డ అని చెప్పాడు. నిజానికి చిన్నతనంలో నాన్న ఒక కామందు ఇంట్లో కంబారి, అంటే ఏడాదికిన్ని గింజలని కట్టుబడిన పాలేరు. ఆ గింజలు తీసుకోవడానికి వాళ్లమ్మ కామందు వాకిట్లో కొంగు చాచి నిలబడేది. కామందు కుంచం మీద పేరుకున్న గింజల్ని అరచేత్తో గీసేసి పోసేవాడు. ఒకసారి ఆవిడ, పేర్చి పొయ్యండి బాబూ అనడిగింది. ఆయన కుంచాన్ని పశువుల శాల ముందు బోర్లించి, ఏరుకోమన్నాడు. పేడలోంచి ఏరింది నాన్నే. ఇంకొకడు కొలిచి పోసిన గింజ మళ్లీ ముట్టనని ఆ రోజే విశాఖపట్నం దారి పట్టాడు. ఈ సంగతి మా నాయనమ్మ అమ్మకి చెప్పింది. ఎవరికీ చెప్పనని నాన్న అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు.

అమ్మ తండ్రి కథ ఇంకొకటి. వానల్లేని ఏడు ఆయన ఒక మేస్త్రీ కింద రేవులో బస్తాలు మొయ్యడానికి వెళ్లి, ఓడకి వేసిన పలక మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మేస్త్రీ, ఈయనెవరో తనకి తెలియదన్నాడు. తోటి కూలీలు ఎడ్లబండి మీద వేసి ఊరికి చేర్చారు. ఇంక లేవలేదు. రైతు కూలికి వెళ్లి పడ్డాడంటే పరువు తక్కువని ఆ సంగతి బయట చెప్పుకోలేదు. ఆయన్ని ఎత్తి దించిందీ, ఒళ్లు కడిగిందీ మావయ్య. చనిపోయేదాకా అందరికీ తిండి పెట్టింది ఆ మూడెకరాలు. "సైరన్ కూసినాక నా పేరు ఎవుడికీ తెలీదురా" అని ఆయన కొడుకుతో అంటుండేవాడట.

అంతా విని నాన్న, "నాకెందుకు సెప్పనేదే?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

నాకు ముగ్గురి మీదా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. చెల్లెలి మీద ప్రేమతో మావయ్య పోసిన ప్రతి కుంచమూ నాన్న కంటికి ఆ కామందు కుంచంలా కనపడింది. నాన్న బతుకు నిలబెట్టిన సైరన్ మావయ్యకి తండ్రి చావుని గుర్తుచేసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎందుకని ఒకరినొకరు అడిగి ఉంటే సరిపోయేది. పరువు కోసం అందరూ నోళ్లు కుట్టుకున్నారు. దాంతో పోయింది నేను కోరుకున్న పెళ్లి కూడా.

పెద్దకర్మకి ముగ్గురం కాలనీకి వెళ్లాం. షామియానా కింద బంతిలో నాన్న కూర్చున్నాడు. మావయ్య కొడుకు గుండుతో, తువ్వాలు నడుముకి చుట్టుకుని వడ్డిస్తున్నాడు. నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. నాన్న విస్తరి దగ్గరికి వచ్చేసరికి, పాత అలవాటు తెలిసినవాడు కాబట్టి, గరిటె గాల్లో ఆపి నిలబడ్డాడు.

"ఎయ్యి నాయినా" అన్నాడు నాన్న. అతను వేశాడు. "ఇంకా ఎయ్యి, పేర్సి ఎయ్యి." అతను మళ్లీ వేశాడు. నాన్న కలుపుకోకుండానే ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, "మీ నాయిన పండించినవేనా?" అని అడిగాడు.

"పొలమెక్కడిది మావా? నా జీతం బియ్యం. కూర్మన్నపాలెం కొట్టుల కొన్నాను" అన్నాడతను.

నాన్న తల ఎత్తలేదు. ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. రెండో బంతి వాళ్లు వచ్చి వెనకాల నిలబడ్డా, ఖాళీ విస్తరి మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.