గుర్వయ్య పల్లి కవర్లు

కల్వకుర్తిలో గుర్వయ్యకు ఎదురుపడి, ఏదో ఒకటి చింపకుండా ఇల్లు చేరినవాడు లేడు. నమస్తే అని చెయ్యెత్తితే ఆ చేతిలోనే ఒక కవరు ముక్క పెట్టి "జర గుంజు" అనేవాడు. పెళ్లిపీటల మీద వరుడి చేత గుంజించాడు. బండి ఆపిన పోలీసు చేతా గుంజించాడు. ఆ పోలీసు గుంజి, చింపి, చలానా కూడా రాశాడు. గుర్వయ్య చలానా వంక చూడకుండా, కవరు చిరిగిందని తల పట్టుకున్నాడు.

నూనె తీశాక మిగిలే పల్లి చెక్క బర్రెల పాలవుతుంది. ఆ చెక్కతో కవర్లు చేసి ప్లాస్టిక్‌ను తరిమేస్తానని మిల్లు ఫిట్టరు గుర్వయ్య పంతం. చెక్కపొడిని సున్నపు తేటలో నానబెట్టి, వడగట్టి, నిమ్మరసం పిండితే పాలలా విరుగుతుంది. ఆ విరుగుడును మళ్లీ తేటలో కలిపి, కాస్త గ్లిజరిన్ పోసి వేడిచేసి, స్టీలు పళ్లేల్లో పలచగా ఆరబెడితే పొరలా లేచొస్తుంది. పళ్లేలన్నీ డాబా ఎక్కడంతో భార్య కృష్ణమ్మ ఇంట్లో ఆకులేసి వడ్డించేది. "అందరు మా ఇంట్ల రోజు పెండ్లే అనుకుంటున్నరు" అనేది.

అందరికంటే ఎక్కువ గుంజింది సైదమ్మ. మిల్లులో సంచుల మూతులు కుట్టే ఆమెకు వానకాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. "కొత్త పల్లి దిగేదాంక చూస్త. అప్పటికి సూది పట్టకుంటే వేరేటోళ్లను పెట్టుకుంట" అని మిల్లు సేటు తేల్చేశాడు. దవాఖానలో పిసకమని రబ్బరు బంతి ఇచ్చారు. "నేనేమన్న చిన్నపోరినా?" అని సైదమ్మ దాన్ని అటకమీదికి విసిరేసింది.

గుర్వయ్య మాత్రం రోజూ పొద్దున్నే గుమ్మంలో దిగేవాడు.

"చెల్లె, కొత్త రకం. కుడిచేత్తోనే గుంజు."

"ఎడమచేత్తోని గుంజితే ఏమైతది?"

"ముందుగాల నీ కుడిచేతికి ఆగాలె. తర్వాత హమాలీల చేతికిస్త. మెట్టు మెట్టు ఎక్కాలె గద!"

మొదటి ముక్క తడి కాగితంలా ఊడొచ్చింది. గుర్వయ్య తల పట్టుకు కూర్చున్నాడు. పడిపోయిన చేతికి కూడా ఆగని కవరు! సైదమ్మకు జాలేసింది. "ఫికర్ జెయ్యకన్నా, రేపొస్తది తియ్."

రేపూ రాలేదు. నెలలు గడిచేకొద్దీ ముక్కలు మొండికేశాయి. ఒక్కోటి పళ్లు బిగించి, చెమటలు కక్కి గుంజాల్సి వచ్చేది. అయినా చివరికి చినిగేది. "గుర్వన్నకు గీ జన్మల కవరు రాదు. నేను గూడ గుంజకుంటే పాపం ఎవలు గుంజుతరే?" అనేది కూతురు రూపతో.

మాఘమాసంలో ఒకరోజు బస్టాండు దగ్గర బక్కయ్య బండిమీద పల్లిపట్టీ కొంది. దాన్ని చుట్టిన పసుప్పచ్చ కవరు ఎంత గుంజినా తెగలేదు.

"గిది గుర్వన్న కవరే గద?"

"ఔనక్కా. దసరా సంది గిదే చుడుతున్న. చినగది. కవరుతోనే తిను, మంచిగుంటది."

"దసరా సందా! నాలుగు నెలలాయె!"

సైదమ్మ తినలేదు. నేరుగా గుర్వయ్య డాబా ఎక్కింది. ఆయన ఒక పళ్లేన్ని విడిగా పెట్టి, దానికి గ్లిజరిన్ చుక్కలు లెక్కబెడుతున్నాడు.

"ఎవరికది?"

గుర్వయ్య గ్లిజరిన్ సీసా వెనక దాచాడు. "గ్లిజరిన్ ఎక్కువేస్తే మెత్తగ తెగుతది. నీకని రోజింత తగ్గిస్తున్న..."

"నీ కవరు ఎప్పుడో అయిపాయె! అయినా రోజు నా ముందర తలకాయ పట్టుకున్నవ్!"

"బంతి పిసుకుమంటే పిసికినవా? నాకు కవరు చెయ్యరాదంటే మాత్రం రోజు గుంజినవ్. నీకొక్కదానికే ఇస్తే అనుమానపడతవని మెత్తటియే ఊరందరితోని గుంజిపిచ్చిన."

"పోలీసోనితోని గూడనా? చలానా పడ్డది గదన్నా, బుద్ధున్నదా నీకు?" వేలు ఆడిస్తూ అరిచింది సైదమ్మ.

గుర్వయ్య ఆమె ముఖం చూడలేదు, వేలినే చూశాడు. "తిట్టు చెల్లె, ఇంకింత తిట్టు. గని అది ఏ చెయ్యి?"

సైదమ్మ చూసుకుంది. కుడిచెయ్యి. దించడం మరిచిపోయి అలాగే నిలబడింది.

వారానికి కొత్త పల్లి దిగింది. సైదమ్మ కుడిచెయ్యి చాపితే సేటు సూదీ సుతిలీ తాడూ ఇచ్చాడు. మొదటి సంచికి పావుగంట పట్టింది. సాయంత్రానికి నలభై అయ్యాయి. చెయ్యి సలుపుతుంటే సైదమ్మకు ప్రాణం లేచొచ్చింది.

గుర్వయ్య వచ్చి సంచుల చుట్టూ తిరిగాడు. "కుట్లు వంకరగున్నయ్ చెల్లె."

"పల్లీలకేం తెలుస్తది వంకరని? జరుగన్నా, నీ నీడ పడుతాంది."