ఉమ్మడి మడికి నీళ్లు పెట్టిన చాచా

మొన్న గద్వాల బస్టాండులో మా ఊరి ఆటో తమ్ముడు కనబడి, "అక్కా, ఇంజిన్ చాచా పోయిండు. నిన్ననే మట్టి చేసిండ్రు" అన్నాడు. చేతిలో సంచీతో అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

ధరూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున సర్కారు ఇచ్చిన భూమిని పదకొండు ఇండ్లవాళ్లం ఉమ్మడిగా సాగు చేసేవాళ్లం. ఎడ్లు, విత్తనాలు, నది నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్, అన్నీ అందరివీ. నాట్లప్పుడు, కోతలప్పుడు వంట కూడా ఒక్క పొయ్యి మీదే. పండిన వడ్లు ఇంట్లో ఎన్ని నోళ్లుంటే అంత పంచేవాళ్లు. కొత్త కోడలిగా వెళ్లిన నాకు అదంతా వింతగా ఉండేది.

ఇంజిన్ పని చాచాది. అందరూ తిన్నాక డీజిల్ చేతులతో వచ్చి, "బిడ్డా, జర బూడిద వెయ్యి" అని దోసిలి పట్టేవాడు. ఆ చేతులు తోముకున్నాకే కంచం ముట్టేవాడు.

ఒక ఎండాకాలం తగాదా వచ్చింది. పిల్లలు తక్కువున్న ఇండ్లవాళ్లు, "కష్టం మాది, తినేది వాళ్లా? భూమి పంచాల్సిందే" అన్నారు. ముందు నిలబడింది మా మామే. పంపకం తేలేదాకా ఇంజిన్ నడవొద్దని కట్టడి పెట్టారు. వరి పొట్టమీదుంది, నేడో రేపో ఈనాలి. మూడు రోజుల్లో మడి నెర్రెలిచ్చింది. ఈ పంట పోతే మేస్త్రీ వెంట కూలికి వలస పోవాలి. చంకలో చంటిబిడ్డ.

నాలుగో రోజు పొద్దున్నే ఇంజిన్ చప్పుడు వినిపించింది. అందరం ఉరికాం.

"ఎవర్నడిగి పెట్టినవ్?" అని మామ చాచా మీదికి పోయాడు.

"ఎవర్నీ అడగలే. పంచుకుండ్రి, నేనొద్దంటలేను. గడ్డి పంచుకుంటరా, వడ్లు పంచుకుంటరా, జర చెప్పుండ్రి" అన్నాడు చాచా.

చాచా ఇంట్లో ఉన్నది రెండే నోళ్లు. భూమి పంచితే లాభపడేది ఆయనే. అయినా ఇంజిన్‌కు అడ్డంగా నిలబడ్డాడు. మామ పార అందుకుని కాలువ దిక్కు నడిచాడు.

ఆ పంట చేతికొచ్చింది. మరుసటేడు భూమిని పంచుకున్నారు కూడా. ఆ పంట పుణ్యాన మేం వలస పోలేదు.

పోయిన నెల చాచాను చూడ్డానికి పోయాను. ఇప్పుడు కరెంటు మోటార్లే. ఇన్నేండ్ల ఇంజిన్ చప్పుడుకు చాచా చెవులు పోయాయి. గట్టు మీద కూర్చుని నీళ్ల పైపుకు అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"వస్తున్నయా బిడ్డా?"

"వస్తున్నయి చాచా!" అని అరిచాను. వినబడలేదు. పైపు అదరడం చేతికి తెలుస్తున్నా నమ్మకం లేనట్టు, కాలువలో నీటి మొన కనిపించేదాకా కళ్లు అటే పెట్టుకుని కూర్చున్నాడు.